చౌడునేలలో కంది వేరునకు తోడు

కాశిబుగ్గ అను పేరులోనే నీరున్నది. బుగ్గ యనగా నేలనుండి తనంత తాను ఉబికివచ్చు ఊట. ఓరుగల్లు నగరములో కలిసిపోయిన ఈ పేటలో నేడు మనకు ఇండ్లును, అంగళ్లును, వాహనముల రద్దీయును కనబడును గాని, పేరు మాత్రము పాత నీటిని మరువలేదు. పల్లెలతో కూడ ఈ పేటకు సంబంధము తెగలేదు. చేరువనే ఏనుమాముల మార్కెట్టు కలదు. ఆ మార్కెట్టు పేరు చెప్పగనే మిరప బస్తాలు, పత్తి బోరెములు జ్ఞప్తికి వచ్చును. వాని నడుమ కంది బస్తాలును, పెసర బస్తాలును వచ్చుచుండును. వానికి అంత ప్రఖ్యాతి లేదు. కాని కలవారి యింటను, కూలివాని యింటను పొయ్యిమీద ఉడుకునది ఆ పప్పే.

పంట అంగడికి వచ్చినప్పుడు మనము గింజను చూతుము. తూకమును, తేమను, ధరను చూతుము. వేరు చేనిలోనే నిలిచిపోవును. నేటి ప్రసంగము ఆ వేరును గూర్చినది. ఉప్పు పేరిన నేలలో ఆ వేరు ఎట్లు నశించునో, దానికి తోడుపడగల జీవి యొకటి మట్టిలోనే ఎట్లు దాగియున్నదో, ఆ తోడును గుర్తించుటకు మనుష్యునకు ఇన్ని యేండ్లు ఏల పట్టెనో చెప్పుటకు ప్రయత్నింతును.

తెలంగాణపు రైతు నేలలకు పేర్లు పెట్టుటలో శాస్త్రజ్ఞునకు తీసిపోడు. చెలక, దుబ్బ, రేగడి, చౌడు అని అతడు చెప్పునప్పుడు ఒక్కొక్క మాటలో నేల రంగు, బరువు, నీటిని పట్టియుంచు గుణము, అందు పండు పంట అన్నియు ఇమిడియుండును. చౌడు అనగా పైరునకు అక్కరకు రాని నేల యని వాడుక. కాని ఆ నేల ఇతరులకు అక్కరకు వచ్చినది. సబ్బు రాకముందు చాకలివారు బట్టల మురికి విడిపించుటకు చౌడుమన్నునే వాడిరి. ఉప్పుమన్నును నీట కలిపి, వడియగట్టి, ఆ నీటిని ఇంకించి ఉప్పు తీయుట ఉప్పరవారి కులవృత్తిగా నుండెను. వారి పేరే అందుకు సాక్షి. కాలక్రమమున ఆ వృత్తి సన్నగిల్లగా వారు చెరువులు, బావులు, కాలువలు త్రవ్వు పనిలో పేరొందిరి. ఇందులో ఒక విచిత్రమున్నది. ఉప్పు తీసిన చేతులే నీటికి దారి తీసినవి. ఆ నీరు అదుపు తప్పినచోట మరల ఉప్పు పుట్టినది.

నీరు ఉప్పును పుట్టించుట యేమని మీరు అడుగవచ్చును. పారుదల నీటిలో ఎల్లప్పుడును కొద్దిపాటి లవణములు కరగియుండును. మురుగునకు దారి యున్నచోట అవి నీటితోపాటు పోవును. దారి లేనిచోట భూగర్భజలము ఏటికేడు పైకి జరుగును. అది నేలమట్టమునకు ఒకటి రెండు గజముల లోతువరకు వచ్చినచో, దీపపు వత్తి నూనెను పీల్చినట్లు మట్టి ఆ నీటిని పైకి పీల్చును. ఎండకు నీరు ఆవిరియై పోవును, ఉప్పు మిగులును. వేసవిలో పొలము పల్లపు మూలను తెల్లని పొరవలె కనబడునది అదియే. బావినీరే ఉప్పనిదైనచో ఈ పని మరింత త్వరగా జరుగును.

చౌడు ఒక్క తీరు కాదు. అమెరికా దేశపు లవణభూముల పరిశోధనశాల 1954లో ప్రకటించిన కొలతలే నేటికిని మన మట్టి పరీక్షలకు ఆధారము. పరీక్షాపత్రములో లవణసూచిక 4 దాటి, ఉదజనిసూచిక 8.5 లోపున ఉన్నచో అది పాలచౌడు. మంచినీరు నిలిపి, ఉప్పును కడిగి, మురుగుకాలువ ద్వారా వెలికి పంపుట దానికి చికిత్స. ఉదజనిసూచిక 8.5 దాటి, మట్టిరేణువులను పట్టుకొనియున్న క్షారములలో సోడియము వంతు నూటికి 15 మించినచో అది కారుచౌడు. దానిని నీటితో మాత్రమే కడుగరాదు. జిప్సము వేసి సోడియమును విడిపించి, పిమ్మట కడుగవలెను. ఈ భేదమును ఎఱుగక చేసిన వ్యయము వ్యర్థమగును. మున్ముందు నేను చెప్పబోవునది ముఖ్యముగా పాలచౌడును, ఇప్పుడిప్పుడే ఉప్పు పట్టుచున్న నేలను ఉద్దేశించినది.

అట్టి నేలలో వరి కొంత ఓర్చును, పత్తి మరికొంత ఓర్చును. కంది, పెసర, సెనగ మొదలగు పప్పుజాతులు మిక్కిలి సున్నితములు. ఎందుకనగా అవి రెండు విధముల దెబ్బతినును. ఉప్పు పేరిన మట్టినుండి నీటిని లాగుకొనుట వేరునకు కష్టమగును. నేల తడిగా నున్నను మొక్క దాహముతో నుండును. ఇది ఎల్ల మొక్కలకును కలుగు బాధ. పప్పుజాతికి రెండవ బాధ కలదు. గాలిలోని నత్రజనిని మొక్కకు అందించు సూక్ష్మజీవులు దాని వేరుబుడిపెలలో కాపురముండును. 1886లో జర్మనీ దేశమున హెల్రీగెల్ ఈ రహస్యమును వెల్లడించెను; 1888లో హాలండు దేశీయుడగు బైయరింక్ ఆ సూక్ష్మజీవిని వేరుచేసి చూపెను. నేడు మనము రైజోబియము అనునది దానినే. ఉప్పు తగిలిన వేరుపై నూగు సన్నగిల్లును, బుడిపెలు తక్కువగును, పట్టిన బుడిపెలును త్వరగా ముదిరిపోవును. కంది తన ఎరువును తానే చేసికొను పంట యని మనము గర్వింతుము. చౌడులో ఆ పొయ్యి ఆరిపోవును.

ఈ కథలో 1910వ సంవత్సరము జ్ఞాపకముంచుకొనదగినది. ఆ యేట దక్కను పీఠభూమిలోని ఉప్పును గూర్చి యొకటి, కందిపైరు చావును గూర్చి మరియొకటి, రెండు రచనలు వెలువడినవి. పుణె చేరువ నీరా లోయలో కాలువనీరు వచ్చిన కొన్ని యేండ్లకే నల్లరేగడి చౌడుబారుటను హెరాల్డ్ మాన్, తంహణే అను నిరువురు పరిశీలించి ప్రకటించిరి. కాలువ త్రవ్వుటతో పని ముగియదని, మురుగునకు దారి చూపనిచో నీరే నేలకు శత్రువగునని ఆ పరిశీలన మనకు నేర్పిన పాఠము.

అదే యేట బీహారులోని పూసా పరిశోధనాలయమునుండి ఎడ్విన్ జాన్ బట్లర్ కంది ఎండుతెగులును గూర్చి విపులమైన గ్రంథము ప్రకటించెను. నిండుగా పెరిగి, పూతకు వచ్చిన కందిమొక్క ఉన్నట్లుండి వాడి ఎండిపోవుటకు కారణము వేరుద్వారా లోనికి ప్రవేశించు ఒక శిలీంధ్రమని అతడు నిరూపించి, దానికి ఫ్యుజేరియం ఉడమ్ అని నామకరణము చేసెను. నేటికిని ఆ పేరే వాడుకలో నున్నది. శిలీంధ్రమనగా మనము వాడుకగా బూజు అనుచుందుము. ఊరగాయపై పట్టిన బూజును తీసి పారవేయుదుము. గోడపై పట్టినదానిని తుడిచివేయుదుము. బట్లర్ గ్రంథముతో చేనిలోని బూజునకును అదే పేరు స్థిరపడినది. మట్టిలో శిలీంధ్రమున్నదనిన, అది చంపదగినదే యని శాస్త్రజ్ఞులును రైతులును తలచిరి.

కాని అప్పటికి పాతికేండ్ల పూర్వమే వేరొక సాక్ష్యము లభించియుండెను. ప్రష్యా దేశపు ప్రభుత్వము అడవులలో నేలక్రింద పెరుగు ట్రఫుల్ అను విలువగల పుట్టగొడుగును సాగుచేయు మార్గము కనుగొనుమని ఆల్బర్ట్ ఫ్రాంక్ అను వృక్షశాస్త్రజ్ఞుని కోరినది. సాగు సంగతి అటుండగా, చెట్ల వేళ్లను పరిశీలించిన ఫ్రాంక్ నకు వింత యొకటి కనబడెను. వేళ్ల చివరలను శిలీంధ్రము తొడుగువలె కప్పియున్నది. అయినను చెట్టు ఆరోగ్యముగనే యున్నది. ఆ శిలీంధ్రము చెట్టునకు నీటిని, ఆహారమును అందించు దాదివలె పనిచేయుచున్నదని అతడు 1885లో ప్రకటించి, ఆ జంటకు మైకోరైజా అని పేరు పెట్టెను. గ్రీకుభాషలో ఆ మాటకు శిలీంధ్రము, వేరు అను రెండు పదముల కూడికయే అర్థము. సమకాలికులలో పెక్కురు నమ్మలేదు. వేరులో దూరిన బూజు మేలుచేయునా యని ఆక్షేపించిరి.

పంటమొక్కలలో ఈ స్నేహము మరింత గుప్తముగా నుండును. తొడుగు ఉండదు, శిలీంధ్రము వేరు కణములలోనే ప్రవేశించి చిన్న చెట్టువలె కొమ్మలు వేయును. జావాద్వీపమున పనిచేసిన యాన్సె 1897లోను, ఫ్రాన్సు దేశీయుడగు గాలో 1905లోను వీని రూపములను వర్ణించిరి. సూక్ష్మదర్శిని లేక కానరాని దానికి చేనిలో ఏమి విలువ యని అప్పటి వ్యవసాయలోకము ఊరకుండెను.

ఇక్కడ చరిత్ర ఒక మలుపు తిరిగినది. కందిని చంపు శిలీంధ్రమునకు పేరుపెట్టిన బట్లరే ఇంగ్లండునకు మరలిపోయి, 1939లో ఈ వేరు శిలీంధ్రముల వ్యాప్తిని, వర్గీకరణమును గూర్చి దీర్ఘవ్యాసము వ్రాసెను. అవి ఎన్ని మొక్కల వేళ్లలో నున్నవో, శిలీంధ్ర జాతులలో వానిని ఏ శాఖయందు చేర్చవలెనో అతడందు విచారించెను. శత్రువును గుర్తించిన కన్నే మిత్రుని వైపును చూచినది. పూసాలో అతనితో సమకాలికుడుగా పనిచేసిన ఆల్బర్ట్ హోవర్డ్ మరుసటి యేడు, అనగా 1940లో, వ్యవసాయముపై తన ప్రసిద్ధ గ్రంథమును వెలువరించెను. ఇండోరులో కంపోస్టు పద్ధతిని రూపొందించిన హోవర్డ్ ఇతడే. ఆ గ్రంథమున చౌడునేలలు ఏర్పడు తీరును నేలకు కలుగు వ్యాధిగా వర్ణించెను. వేరు శిలీంధ్రమును హ్యూమస్సునకును మొక్కకును నడుమ వారధిగా కొనియాడెను. అతని మాటలలో నిరూపణకన్న నమ్మకము ఎక్కువ యని రసాయన శాస్త్రజ్ఞులు విమర్శించిరి. విమర్శలో న్యాయము లేకపోలేదు. ఆ శిలీంధ్రమును వేరుచేసి, మొక్కకు పట్టించి, తూచి చూపిన వారు అప్పటికి అరుదు.

ఆ లోటును పూరించినవారిలో బార్బరా మోస్ అను శాస్త్రజ్ఞురాలు ముఖ్యురాలు. ఇంగ్లండులో ఆపిలు మొక్కలకు ఆమె ఈ శిలీంధ్రమును పట్టించి, పట్టించని మొక్కలతో పోల్చి, పెరుగుదలలో భేదమును 1957లో ప్రకటించెను. 1963లో గెర్డెమన్, నికల్సన్ అనువారు మట్టిని నీటిలో కలిపి, సన్నని జల్లెడలగుండ పోసి, అందలి సిద్ధబీజములను ఏరు సులభమార్గమును చెప్పిరి. అంతట ఈ విద్య ఎల్ల దేశముల ప్రయోగశాలలకు ప్రాకినది. 1968లో ఒక జాతికి మోస్ పేరే పెట్టబడెను. కందిపై జరిగిన ప్రయోగములలో మన మరల కలిసికొనబోవు శిలీంధ్రము అదియే.

వేరొక మిత్రుని కథ దీనికి సమాంతరముగా నడచినది. ట్రైకోడెర్మా అను ఆకుపచ్చని బూజు ఇతర శిలీంధ్రములను చుట్టుకొని భక్షించునని రిచర్డ్ వైండ్లింగ్ 1932లో చూపెను. మైకోరైజా వేరునకు ఆహారము తెచ్చు తోడు. ట్రైకోడెర్మా వేరునకు కావలికాడు. మొదటిది బ్రతికియున్న వేరు లేక పెరుగదు. రెండవది పెంట ఎరువులోను, వేపపిండిలోను సులభముగా పెరుగును. ఈ భేదము మన రైతు గుర్తుంచుకొనవలసినది. రెండింటిని ఒకే పేరున అమ్మువారు ఉందురు.

ఉప్పునేలలో ఈ తోడు ఎట్లు పనిచేయునో చూతము. కందివేరు తాను స్వయముగా మట్టిలో కొంతమేరకే చేరగలదు. దాని నూగుకన్న ఎన్నో రెట్లు సన్నని శిలీంధ్రపు పోగులు మట్టిరేణువుల సందులలోనికి దూరి, వేరు చేరలేని చోటినుండి భాస్వరమును, కొంత నీటిని తెచ్చును. వేరుబుడిపెలలో నత్రజని తయారగుటకు మిక్కిలి శక్తి కావలెను; ఆ శక్తికి భాస్వరము మూలము. కనుక శిలీంధ్రము భాస్వరమును అందించినచో ఆరిపోవనున్న ఆ పొయ్యికి చితుకులు అందించినట్లగును. మరియు ఉప్పునేలలో సోడియము పొటాషియము దారిని ఆక్రమించును. మైకోరైజా పట్టిన మొక్కలలో పొటాషియము వంతు మెరుగుగా నిలుచుట అనేక పరిశోధనలలో కనబడినది. ప్రతిఫలముగా మొక్క తన ఆకులలో వండిన చక్కెరలోను, కొవ్వులోను కొంత శిలీంధ్రమునకు ఇచ్చును. ఇది దానము కాదు, ఇచ్చిపుచ్చుకొనుట.

ఉప్పునేలలో ఈ మేలును మొదట చూపినవారిలో హిరెల్, గెర్డెమన్ అనువారు కలరు. వారు 1980లో ఉల్లి, బెంగుళూరు మిరప మొక్కలపై ప్రయోగములు ప్రకటించిరి. పప్పుజాతులకు సంబంధించిన సాక్ష్యము మన దేశమున బలపడినది. బెంగుళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయమున బాగ్యరాజు, ఆయన సహచరులు 1979లో సోయాచిక్కుడుకు రైజోబియమును, మైకోరైజాను కలిపి పట్టించి, పొలములో ఆ రెండింటి పొత్తు ఫలమును ప్రకటించిరి. అది ఉప్పునేల కాదు. కాని రెండు జీవులు ఒకే వేరుపై పోటీ పడక సాయపడునని అందువలన తెలిసినది. ఢిల్లీలో భూపేందర్ గిరి, ముఖర్జీ అనువారు 2004లో ప్రకటించిన పని మనకు మరింత చేరువైనది. ఉప్పునేలలో, కుండీలలో కాక పొలములోనే, వారు రెండు మొక్కలకు మైకోరైజా పట్టించి చూచిరి. ఒకటి మన పెరటి అవిసె. రెండవది జీలుగకు దగ్గరి చుట్టము. శిలీంధ్రము పట్టిన మొక్కలలో సోడియము తగ్గి, ఆకుపచ్చదనమునకు మూలమగు మెగ్నీషియము పెరిగినది.

కందిమీదనే ప్రత్యేకముగా పనిచేసినవారు చండీగఢ్ లోని పంజాబు విశ్వవిద్యాలయమున నీరా గర్గ్, గీతాంజలి మన్‌చందా. 2008, 2009 సంవత్సరములలో వారు ప్రకటించిన వ్యాసములలో, మోస్ పేరు వహించిన శిలీంధ్రము పట్టిన కందిమొక్కలు ఉప్పును మెరుగుగా ఓర్చినవనియు, వేరుబుడిపెలు అకాలముగా ముదిరిపోవుట తగ్గినదనియు చూపబడెను. బట్లర్ కందివేరులో మృత్యువును చూచినాడు. సుమారు నూరేండ్ల పిమ్మట అదే కందివేరులో మరియొక శిలీంధ్రము ప్రాణమును నిలుపుట చూడగలిగితిమి. అయితే ఈ ప్రయోగములు కుండీలలో జరిగినవని మరువరాదు. కుండీలో నీరు, ఉప్పు, ఎరువు అన్నియు మన చెప్పుచేతలలో నుండును. చేను మన మాట వినదు.

తెలుగునేలపై ఈ ప్రశ్నకు పలుదిక్కుల కృషి జరిగినది. 1972లో పటాన్‌చెరువున స్థాపింపబడిన ఇక్రిశాట్ సంస్థకు కందియు సెనగయు ముఖ్యపంటలు. ఎండుతెగులును ఓర్చు కంది రకములు అచ్చటి కృషి ఫలములు. 1993లో విడుదలయైన ఆశ రకము మన రైతులకు సుపరిచితము. ఎఱ్ఱచెలకలలో ఇనుముతో బిగిసియున్న భాస్వరమును కందివేరు తాను స్రవించు ఆమ్లములతో కరగించుకొనునని అచ్చటి శాస్త్రజ్ఞులు 1990లో ప్రకటించిరి. కందివేరు దీనురాలు కాదని, తానును పనిచేయునని ఇందువలన తెలియుచున్నది. ఉప్పును ఓర్చు సెనగ రకములకొఱకు ఆ సంస్థయే వెదకినది. పైకి పచ్చగా పెరుగుట కాదు, ఉప్పులోను కాయను గింజను నిలుపుకొనుటయే అసలు ఓర్పు అని 2007లో వెల్లడియైనది. చౌడునేలల కొఱకు 1969లో కర్నాల్ నగరమున కేంద్ర పరిశోధనాలయము వెలసెను. దానికి అనుబంధమైన అఖిలభారత పథకము క్రింద బాపట్లలో ఉప్పునీటి వాడకముపై పరిశోధన సాగినది.

ఇక ఓరుగల్లు సంగతి. 1976లో ఏర్పడిన కాకతీయ విశ్వవిద్యాలయమున వృక్షశాస్త్రశాఖ శిలీంధ్రములపై కృషికి పేరొందినది. 2001 ఫిబ్రవరిలో ఇచ్చట వ్యవసాయమునకును అడవులకును మేలుచేయు సూక్ష్మజీవులను గూర్చి జాతీయ సదస్సు జరిగెను. ఆ ప్రసంగముల సంపుటము మరుసటి యేడు అచ్చయ్యెను. బూజును చూచిన వెంటనే మందు చల్లుమను కాలమునుండి, బూజును పెంచి పొలమునకు ఇచ్చు తీరును చర్చించు కాలమునకు మనము వచ్చితిమి.

అదే సమయమున నీటి చరిత్ర కూడ మారినది. కాకతీయుల కాలపు పాకాల, రామప్ప, లక్నవరం చెరువులు ఈ ప్రాంతపు సేద్యమునకు ప్రాణము. 1963లో శంకుస్థాపన జరిగిన పోచంపాడు ప్రాజెక్టు, అనగా నేటి శ్రీరాంసాగర్, కాకతీయ కాలువద్వారా గోదావరి నీటిని ఓరుగల్లు వైపునకు తెచ్చినది. బోరుబావులు ఊరూర వెలసినవి. నీరు వచ్చుట భాగ్యము; దానిని కాదనువాడు రైతు కష్టము ఎఱుగనివాడు. కాని నీరా లోయ పాఠము నీరు పారు ప్రతి పల్లమునకు వర్తించును. పల్లపు మూలను తెల్లపొర కనబడిన యేడు మొదట దిగుబడి తగ్గునది పప్పుపంటయే. రైతు దానిని మాని వేరొకటి వేయును. ఒక యేడు మానిన పంట ఇంటి పప్పుకుండనుండియు, నేల నత్రజనినుండియు, పశువుల మేతనుండియు ఒకేసారి తప్పుకొనును. మనము కాపాడవలసినది ఒక్క గింజను కాదు, ఈ గొలుసునంతటిని.

కాబట్టి శిలీంధ్రము సంచిలో కొని చల్లినచో చాలునా? చాలదు. ఇది స్పష్టముగా చెప్పవలెను. మురుగు లేని నేలలో నానాటికి పెరుగు ఉప్పును ఏ శిలీంధ్రమును ఆపజాలదు. ఉప్పు మితిమీరినచో దాని సిద్ధబీజములే మొలకెత్తవు. కారుచౌడునకు జిప్సము తప్పదు. మైకోరైజా ఎరువును ప్రభుత్వము 2009లో ఎరువుల నియంత్రణపు ఉత్తరువు క్రిందికి తెచ్చి ప్రమాణము విధించినది. సంచిపై ఆ ప్రమాణము, తయారైన తేదీ, గడువు తేదీ చూచి కొనవలెను. ఎండలో నిలువయుంచిన సంచిలో మిగులునది మన్నే.

అంతకన్న ముఖ్యమైనది, మన నేలలోనే యున్న తోడును చంపకుండుట. భాస్వరపు ఎరువు మితిమీరినచో మొక్క శిలీంధ్రమును పిలువదు; ఇంట వండి పెట్టగా పొరుగువాని వాకిట ఎవడు నిలుచును? వేసవి అంతయు బోడిగా విడిచిన నేలలో వేరు లేక శిలీంధ్రము క్షీణించును. పైగా ఉప్పు పైకి పేరును. జొన్న, మొక్కజొన్న వేళ్లు ఈ శిలీంధ్రమునకు మంచి ఆశ్రయములు. ప్రయోగశాలలలోను వానిపైననే దానిని పెంచుదురు. జొన్నతో కందిని కలిపి విత్తిన మన పెద్దలకు మైకోరైజా పేరు తెలియదు. కాని వారి సాళ్ల వరుస దానికి అనుకూలముగానే యుండెను. జీలుగను పెంచి పూతదశలో కలియదున్నుట చౌడునకు పాతవైద్యము. అది ఉప్పును ఓర్చును, నేలను గుల్లపరచును, తన వేరుపై ఈ జీవులను పోషించును. చెరువు పూడికమన్ను తోలుట మన పూర్వాచారము. 2015లో మొదలైన మిషన్ కాకతీయతో అది మరల వాడుకకు వచ్చినది. అయినను తోలుటకు ముందు ఆ మన్నునకును లవణపరీక్ష చేయించుట క్షేమము.

విత్తుటలోను కొన్ని మెలకువలు కలవు. ఉప్పు బోదె కొనపై పేరును. కనుక కొనపై కాక బోదె ప్రక్కను విత్తవలెను. ఎండుతెగులునకు కిలో విత్తనమునకు 8 నుండి 10 గ్రాముల ట్రైకోడెర్మా విరిడి పట్టించుట వాడుకలో నున్న సిఫారసు. పొలమునకు వేయుటకు 90 కిలోల మాగిన పశువుల ఎరువులో 10 కిలోల వేపపిండిని, 2 కిలోల ట్రైకోడెర్మాను కలిపి, తడి చల్లి, నీడలో కప్పియుంచి, వారము పది దినములకు బూజు అల్లుకొనగనే తడినేలపై చల్లుదురు. కార్బెండజిమ్ వంటి మందును, ట్రైకోడెర్మాను ఒకే విత్తనమునకు పట్టించినచో మనము నియమించిన కావలికానిని మనమే చంపినవారమగుదుము. రైజోబియమును చివరగా, నీడలో పట్టించి వెంటనే విత్తవలెను.

నా మాటను ఊరక నమ్మవలదు. పల్లపు మూలకు కొంచెము ఎగువన, ఉప్పు అప్పుడే పొడచూపుచున్న చోట, నాలుగు సాళ్లకు ఈ తోడు నిచ్చి, నాలుగు సాళ్లను మామూలుగా విడువుడు. నలువది, నలువదియైదు దినములకు రెండువైపులనుండి కొన్ని మొక్కలను, పీకక, పారతో మన్నుతోసహా తీసి, బకెట్టు నీటిలో మెల్లగా కడుగుడు. బుడిపెలను లెక్కించి, గోటితో చీల్చి చూడుడు. లోపల గులాబిరంగున్నచో అది పనిచేయుచున్నది. పచ్చగానో గోధుమగానో యున్నచో ముదిరిపోయినది. శిలీంధ్రము కంటికి కానరాదు. కాని దాని మేలు ఆ రంగులో కొంత కానవచ్చును. పంట కోసిన పిమ్మట ఆ రెండు కొలతల సాళ్ల గింజను వేరువేరుగా తూచుడు. ఏనుమాముల కాంటాకు ఎక్కించుటకు ముందే, మీ ఇంటి తక్కెడయే మీకు తీర్పు చెప్పును.